తిరిగిరాని వంతు

తూర్పుకుప్పంలో మొగ వంతుల ముంత కామాక్షయ్య ఇంట్లో ఉండేది.

పులికాట్ సరస్సు నీళ్ళు సముద్రంలో కలిసే చోటును ఆ ఊరివాళ్ళు మొగ అంటారు. రొయ్య దిగేది అక్కడే. కర్రలు పాతి వల కట్టడానికి పనికొచ్చే చోట్లు మాత్రం అక్కడ కొన్నే ఉన్నాయి. ఊళ్ళో ఇళ్ళు ఎక్కువ. అందుకని ఇంటికొక గుర్తు పెట్టుకున్నారు. ఒకరిది గవ్వ, ఒకరిది తాటిటెంక ముక్క, ఇంకొకరిది వలకు కట్టే సీసపు గుండు. గుర్తులన్నీ ముంతలో వేసి, పోలేరమ్మ రాయి ముందు పెట్టి, కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే తీస్తారు. ముందు వచ్చిన గుర్తు వాళ్ళు ముందు పోతారు, తరవాతి వాళ్ళు తరవాత. అందరి వంతూ అయినాక మళ్ళీ మొదటికి వస్తుంది.

కామాక్షయ్య ఐదో తరగతి దాకా చదివాడు. పొద్దున్నే స్నానం చేసి పోలేరమ్మకు దీపం పెట్టందే పచ్చి మంచినీళ్ళు ముట్టడు. అందుకే పెద్దలు ముంతను అతని చేతికిచ్చారు. వంతు వెనక వచ్చిందని ఎవరైనా తగువుకు వస్తే అతను ఒకే మాట చెప్పేవాడు.

"ముంత చెప్పేది ముందెవరో. ఎవరికి లేదో కాదు."

అలాంటి మనిషి తన వంతు వచ్చినా పోయిన రెండు తడవలూ మొగకు పోలేదు.

"ఈసారి కూడా వదులుకుంటావా అబ్బయా?" అని ఊరిపెద్ద పోలేరయ్య అడిగాడు. "నీ గుర్తు ముంతలో ఎందుకింక? నాకియ్యి, నా వలకన్నా కట్టుకుంటా."

కామాక్షయ్య నవ్వలేదు. కారణం ఊరందరికీ తెలుసు. అతని భార్య నాగులమ్మ.

అతని తెరచాప గట్టు వదిలిందంటే నాగులమ్మకు గుండె దడదడ కొట్టుకునేది. అరచేతులు చల్లబడేవి. పడవ కనుమరుగయ్యాక ఆమె మెల్లగా లేచి నీళ్ళలోకి నడిచేది. మోకాళ్ళు, నడుము, రొమ్ము. ఎవరో ఒకరు చూసి పట్టుకొచ్చేవాళ్ళు. "యాడికి పోతివే?" అంటే "ఆయన కోసం" అనేది.

ఆమె పుట్టింట్లో గాని, అత్తింట్లో గాని నీళ్ళలో పోయినవాళ్ళు లేరు. గాలివానలు వచ్చాయి, పోయాయి. ఏదైనా జరిగి ఉంటే జరిగినదాన్ని పట్టుకుని ఏడ్చేవాళ్ళు. ఏమీ జరగకుండానే మనిషిలోకి ఇంత భయం ఎక్కడినుంచి వచ్చిందన్నది కామాక్షయ్యకు అంతుపట్టలేదు. పోలేరమ్మకు పొంగలి పెట్టాడు. తాయెత్తు కట్టించాడు. సూళ్ళూరుపేట చెంగాళమ్మ దగ్గర తలనీలాలు ఇచ్చాడు. దేవత పలకలేదని అతను ఎన్నడూ అనుకోలేదు. తాను అడిగింది సరిగ్గా అడిగాడా లేదా అన్నదే అతని సందేహం.

చివరకు ఎవరో చెబితే గూడూరు తీసుకుపోయాడు. నిమ్మకాయల మార్కెట్టు వెనక సందులో డాక్టరు విజయభాస్కర్ గారి చిన్న ఆసుపత్రి. మనసుకు వచ్చే జబ్బుల గురించి ఆయన మద్రాసులో చదువుకుని వచ్చాడు. ఎర్రని చిన్న మాత్రలు ఇచ్చాడు. కొన్ని వారాలకు నాగులమ్మ అన్నం తినసాగింది, నిద్రపోయింది. ఊరికే కళ్ళలో నీళ్ళు తిరగడం మానింది. కామాక్షయ్య డాక్టరుకు బుట్టెడు ఎండురొయ్యలు తీసుకుపోయాడు.

కానీ తెరచాప ఎత్తితే మళ్ళీ అదే దడ, అదే నీళ్ళ దారి. డాక్టరు మాత్ర పెంచాడు. నెలలు గడిచాయి. ఏడుపు పోయింది గాని భయం పోలేదు.

అరవై మూడో సంవత్సరం ఎండలు ముదురుతుండగా డాక్టరు అతన్ని గదిలోకి పిలిచాడు.

"కామాక్షయ్యా, కొత్త మాత్ర ఒకటి వచ్చింది. నీ భార్యలాగా పాత మాత్రతో సగమే బాగుపడినవాళ్ళకు, దానితో పాటు ఇది కూడా ఇచ్చి చూడమన్నారు. భయం తగ్గుతుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు."

"చూడమన్నది ఎవురు సార్?"

"మద్రాసులో పెద్ద డాక్టర్లు. సీసాలు వాళ్ళే పంపారు. సగం సీసాల్లో మందుంది. మిగతా సగంలో అచ్చం అలాగే కనబడే పిండి మాత్రలు. ఏ సీసాలో ఏముందో నాకు కూడా తెలియదు. ఆ వివరం మద్రాసులో సీలు వేసి పెట్టారు. అందరి దగ్గరా చూడటం అయిపోయాకే విప్పుతారు."

"పిండెందుకు సార్?"

"కొత్త మందు అనగానే మనిషికి కొంత ధైర్యం వస్తుంది. తగ్గిందంటే ఆ ధైర్యం వల్ల తగ్గిందా, మందు వల్ల తగ్గిందా? అది విడగొట్టి చూడాలి."

ఆ మాట కామాక్షయ్యకు నచ్చింది. పూజారి విభూతి పెట్టగానే సగం జ్వరం దిగిపోయిన వాళ్ళను అతను చూశాడు.

"మరి ఎవురికి ఏ సీసా అనేది?"

"చీటీ వేస్తాం. నేను ఎంచకూడదు."

కామాక్షయ్య ముఖం తేటపడింది. "మా ఊళ్ళో కూడా అంతే సార్. ముంతలో ఏసి తీస్తాం."

"అయితే నీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు" అని డాక్టరు నవ్వాడు. ఇద్దరూ తృప్తిగా లేచారు.

నర్సు ఎలిశబెతు బిస్కత్తుల డబ్బాలో మడిచిన చీటీలు వేసి వరండాలోకి తెచ్చింది. "మీ దేవుణ్ణి తలుచుకుని తీయమ్మా. నేను మా ప్రభువును తలుచుకుంటా" అంది. నాగులమ్మ ఒకటి తీసింది. ఆ చీటీ మీదున్న అంకె గల సీసాయే ప్రతి నెలా ఆమెకు వస్తుందని నర్సు చెప్పింది. ఆమె వెనక నడికుప్పం మస్తానమ్మ ఒకటి తీసింది.

నడికుప్పం వీళ్ళ ఊరికి పక్క ఊరే. మస్తానమ్మకు ఇంటి కప్పంటే భయం. ఏ గాలికో అది మీద పడుతుందని వానలో కూడా బయటే పడుకునేది. మొగుడు విసిగిపోయి పుట్టింట్లో దింపిపోయాడు. అన్న చిన్నపోలయ్య ఆమెను ఆసుపత్రికి తిప్పుతున్నాడు. రెండు ఊళ్ళవాళ్ళూ ఒకే పడవలో సూళ్ళూరుపేట గట్టుకు వచ్చి, అక్కడ రైలెక్కేవాళ్ళు.

"మా చెల్లెలికి కప్పంటే భయం, మా వదినకు నీళ్ళంటే భయం" అనేవాడు చిన్నపోలయ్య గడ వేస్తూ. "ఇద్దురికీ సరిపొయ్యే ఇల్లు కట్టాలంటే బ్రమ్మదేవుడే తాపీ పట్టాల."

"నీకేమంటే భయం చెప్పు ముందు" అనేది నాగులమ్మ.

"మా ఇంటిదంటే. దానికి మాత్ర ఏ డాక్టరూ కనిపెట్టలే."

అంత భయంలోనూ ఆడవాళ్ళిద్దరూ నవ్వేవాళ్ళు.

ఆ నెల సగమయ్యేసరికి నాగులమ్మలో మార్పు కనబడింది. ఒకనాడు పొద్దున వల సర్దుతున్న భర్త దగ్గరకు వచ్చి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మావా, ఈడ కప్ప దూకడం లేదు."

"ఏందే?"

"గుండెలో రోజూ దూకతా ఉండేది. ఈ పొద్దు లేదు. యాడికి పొయిందో."

కామాక్షయ్య ఆ వారమే తన వంతుకు మొగకు పోయాడు. నీళ్ళ మధ్యనుంచి నాలుగైదు సార్లు వెనక్కి తిరిగి చూశాడు. నాగులమ్మ బోర్లించిన పడవ మీద కూర్చుని చినిగిన వల కుట్టుకుంటున్నది. అతని అక్క పేరమ్మ పక్కన కూర్చుని వక్క నములుతున్నది. ఆ రోజు రొయ్య బాగా పడింది. అయినా కామాక్షయ్యకు గుర్తుండిపోయింది రొయ్య కాదు, గట్టు మీద కదలకుండా ఉన్న ఆ చీర రంగు.

మస్తానమ్మకు మాత్రం ఏమీ తేడా రాలేదు. నెలాఖరున గూడూరు పోయినప్పుడు కూడా ఆమె వరండా కప్పు కిందికి రాక, ఎండలో నిమ్మకాయల బస్తాల పక్కన నిలబడింది. నర్సు మాత్రల సీసా అక్కడికే తెచ్చి ఇచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు నలుగురూ సూళ్ళూరుపేటలో దిగి చెంగాళమ్మ గుడికి పోయారు. తలుపులు మూయని గుడి అది. పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది. దండం పెట్టుకుని బయటికి వచ్చాక నాగులమ్మ భర్తను పక్కకు పిలిచింది.

"మావా, ఈ నెల మస్తానమ్మ వంతు కదా?"

కామాక్షయ్యకు ఈ ఆలోచన రైల్లోనే వచ్చింది. వచ్చినా బయటికి అనలేదు. బోర్లించిన పడవ మీద కూర్చున్న భార్యే కళ్ళ ముందు నిలిచింది. ఇప్పుడు ఆమే అడిగింది కాబట్టి ఇక తప్పించుకునే దారి లేదు.

"నువ్వు ఓర్చుకోగలవా?"

"ఒక నెలే కదా. మళ్ళా నాకొస్తాది."

చిన్నపోలయ్య సందేహించాడు. "అన్నా, డాక్టరుకు చెప్పాల్నేమో?"

"చెప్పేదానికి ఏముందిరా? చీటీ అని ఆయనే అనె గదా. ముందెవరో చీటీ చెప్పింది. ఇంక తిరగడం మన చేతిలోదే. ఇన్నేండ్లు ముంత పట్టుకున్నోణ్ణి, నాకు తెలీదా?"

గుడి ముందే సీసాలు మార్చుకున్నారు. మస్తానమ్మ ఆ సీసాను రెండు చేతులతో పట్టుకుని "నాకా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

ఆ నెల నాగులమ్మ పళ్ళ బిగువున గడిపింది. మొదటి రోజుల్లో బాగానే ఉంది. తరవాత కప్ప తిరిగొచ్చిందని చెప్పింది. తరవాత చెప్పడం మానేసింది. కామాక్షయ్య పడవ తీయకుండా గట్టునే ఉండి చిన్న వలలతో బతుకు వెళ్ళదీశాడు. ఒక్కరోజు మాత్రం మొగలో తాను పాతిన కర్రలు ఊగుతున్నాయని కబురొస్తే, పేరమ్మను కాపలా పెట్టి బిరబిరా మొగకు పోయాడు. కర్రకు తాడు బిగిస్తుండగా అక్క అరుపు వినబడింది. తిరిగి చూస్తే గట్టుకూ పడవకూ మధ్య నీళ్ళ మీద నల్లని జుట్టు ముడి ఒక్కటే కనబడుతున్నది.

ఎలా దూకాడో, ఎలా ఈదాడో అతనికి తెలియదు. జుట్టు పట్టి పైకి లాగితే ఆమె కొట్టుకోలేదు, అరవలేదు. గట్టు మీద బోర్లా పడుకోబెట్టి పేరమ్మ వీపు మీద అదిమింది. ఉప్పునీళ్ళు కక్కాక నాగులమ్మ కళ్ళు తెరిచింది.

"ఎందుకే ఇట్టా చేసినావు? నేనొస్తా ఉండా గదా!"

"నువ్వు రావని నాకు తెలుసు మావా" అంది ఆమె నెమ్మదిగా. "రాని మనిషి కోసం గట్టున ఉండి ఏం చెయ్యాల?"

ఆ మాటలో పిచ్చి లేదు. ఈ పొద్దు సంత లేదని చెప్పినట్టు చెప్పింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే తాను అందుకోలేడని కామాక్షయ్యకు తెలుసు.

ఆ నెలాఖరున ఆసుపత్రిలో డాక్టరు ముఖం వెలిగిపోతున్నది. మస్తానమ్మ తనంతట తాను వరండాలోకి వచ్చి, గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చుంది.

"చూశావా కామాక్షయ్యా? మొదటి నెల పని చేయలేదు. రెండో నెలకు పని చేసింది. కొందరికి ఆలస్యంగా పడుతుందన్నమాట. మరి నాగులమ్మకేమో మొదట తగ్గి మళ్ళీ పెరిగింది. ఎందుకో అర్థం కావడం లేదు."

"అర్థం కాకపోవడానికి ఏముంది సార్? ఈ నెల వంతు ఆ అమ్మిది. అందుకే తగ్గింది" అన్నాడు కామాక్షయ్య. డాక్టరుకు తెలియనిది తాను చెప్పగలిగానన్న చిన్న సంతోషం కూడా ఆ గొంతులో ఉంది.

"వంతేమిటి?"

కామాక్షయ్య చెప్పాడు. చెబుతుండగానే డాక్టరు చేతిలోని కలం కాగితం మీద ఆగిపోయింది. ఆడవాళ్ళను, చిన్నపోలయ్యను బయటికి పంపమని నర్సుతో అన్నాడు.

"ఎంత పని చేశావయ్యా! మొత్తం పాడుచేశావు. ఎవరిది వాళ్ళే వేసుకోవాలి. చివరిదాకా వాళ్ళే వేసుకోవాలి. లేకపోతే ఎవరికి దేనివల్ల తగ్గిందో ఎలా చెబుతాం?"

"చివరిదాకానా? అంటే పిండి వచ్చినోళ్ళకు పిండేనా సార్?"

"అంతే."

"సార్, దాహంతో ఇద్దురుంటే ఒకరికి నీళ్ళిచ్చి, ఒకరికి సున్నపునీళ్ళిచ్చి చూస్తా కూర్చుంటారా?"

డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏది నీళ్ళో నాకు తెలిస్తే ఇద్దరికీ అదే ఇస్తాను. ఇంతకుముందు ఒక మాత్ర మంచిదన్నారు. ఎవరూ పిండి పెట్టి చూడలేదు. మంచిదే కదా అని నా చేతులతో అందరికీ ఇచ్చాను. కొందరికి కామెర్లు వచ్చాయి. ఒకామె పోయింది. అప్పటినుంచి నాకు మంచిదనే మాటంటే భయం, కామాక్షయ్యా."

కిటికీ బయట హమాలీలు నిమ్మకాయల బస్తాలు దొర్లిస్తున్నారు.

"సార్, మనం వాళ్ళకు తెలిసేట్టు చెప్పలేదు" అంది ఎలిశబెతు, తల వంచుకునే. "చీటీ అన్నాము, అంతే."

డాక్టరు ఆమె వైపు చూసి తల ఊపాడు. రాస్తున్న కాగితాన్ని పక్కకు జరిపాడు.

"ఉన్నది ఉన్నట్టు రాస్తే ఆ ఆడవాళ్ళిద్దరినీ తీసేయాలి. తీసేస్తే ఆ మాత్ర ఇద్దరికీ రాదు. బజారులో ఇంకా దొరకదు. నా దగ్గర అసలే మనుషులు తక్కువ. ఇద్దరు పోతే గూడూరు వివరాలే వద్దంటారు మద్రాసువాళ్ళు." గొంతు తగ్గించాడు. "జరిగిన నెల జరగనట్టే అనుకుంటాను. ఇది మంచి పని కాదు, నాకు తెలుసు. ఇకనుంచి ఎవరి సీసా వాళ్ళే వాడాలి. మార్చుకోనని నువ్వు మాటివ్వాలి."

కామాక్షయ్యకు అర్థమైంది. నాగులమ్మ సీసా నాగులమ్మకే ఉండిపోతుంది. మస్తానమ్మ వంతు ఇక ఎప్పటికీ రాదు.

"ఇంకో మాట" అన్నాడు డాక్టరు. "నీ భార్య సీసాలో ఉన్నది మందేనని నువ్వు నమ్ముతున్నావు. నాకు తెలియదు. అది పిండే కావచ్చు."

"ఇద్దురికీ దాంతోనే తగ్గింది గదా సార్!"

"ఇద్దరూ అదే మంచిదని నమ్మి వేసుకున్నారు కదయ్యా!"

నీళ్ళ మీద నల్లని జుట్టు ముడి కళ్ళ ముందు కదిలింది. ఇన్నేళ్ళుగా తగువుకొచ్చిన వాళ్ళకు చెప్పిన మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"సరే సార్" అన్నాడు.

నర్సు ఎవరి సీసా వాళ్ళకు ఇచ్చింది. రైల్లో కామాక్షయ్య కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. చెంగాళమ్మ గుడి దగ్గర ఆగుదామని నాగులమ్మ అంటే, పొద్దుపోతుందని తొందరపెట్టాడు. ఆ గుడి ముందునుంచి దండం పెట్టకుండా పోవడం అతని జీవితంలో అదే మొదటిసారి.

పడవలో చిన్నపోలయ్య హుషారుగా గడ వేస్తున్నాడు. మస్తానమ్మ అంచున కూర్చుని నీళ్ళలో చెయ్యి ఆడిస్తున్నది.

"అక్కా, ఈ నెల నువ్వేసుకో, నీ వంతే" అంది. "నేను ఓర్చుకుంటాలే. మళ్ళా నెల నాకొస్తాది గదా." నీళ్ళలోంచి చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. "కప్పు కింద పండుకుంటే వాన చప్పుడు ఎట్టుంటాదో మరిచే పొయినా అక్కా. మొన్న జల్లు పడింది గదా, అమ్మ పక్కన పండుకుని ఇన్నా. తాటాకు మీద ఎంత బాగుండాదో."

కామాక్షయ్య నోరు మూసుకుని ఉండగలడు. నెల గడిచాక ఏదో ఒకటి చెప్పవచ్చు. కానీ ఆ పిల్ల వంతు కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది.

"మస్తానమ్మా, ఇంక మార్చుకోకూడదంట" అన్నాడు. "డాక్టరు మాట తీసుకున్నాడు. మార్చుకుంటే ఇద్దురికీ ఇవ్వడంట."

గడ ఆగిపోయింది. పడవ దానంతటది పక్కకు తిరిగింది.

"మార్చుకోకూడదని ఆయనన్నాడు సరే" అన్నాడు చిన్నపోలయ్య. "నువ్వేమన్నావు?"

"సరే అన్నా."

"మమ్మల్ని అడిగినావా?"

కామాక్షయ్య గడ అందుకోబోతే చిన్నపోలయ్య ఇవ్వలేదు.

"ముంత పెద్దవి నువ్వు. ఊరందరికీ నాయం చెప్పేవోడివి. నీ ముంతలో నీ గుర్తు ఒక్కటే ఉండాదా అన్నా?"

"నీళ్ళలో పొయిందిరా! నా చేతుల్తో జుట్టు పట్టి లాగినా!" కామాక్షయ్య అరిచాడు. "నువ్వయితే ఏం చేస్తువు చెప్పు!"

చిన్నపోలయ్య అటు తిరిగి గడను గట్టిగా బురదలోకి దింపాడు. కామాక్షయ్య నాగులమ్మ వైపు చూశాడు. ఆమె ఏమైనా అంటుందేమోనని, సీసా తీసి మస్తానమ్మకు ఇచ్చేస్తుందేమోనని భయపడ్డాడు. ఇస్తే బాగుండునని కూడా ఆశపడ్డాడు. గుడి దగ్గర అడిగింది ఆమే కదా.

నాగులమ్మ సీసాను కొంగులో ముడి వేసుకుని, ఆ ముడి మీద రెండు చేతులూ పెట్టుకుని ఉంది.

"నాకు ఇయ్యబుద్ధి కావడంలేదు మావా" అంది. "ఇయ్యాలనుకుంటా ఉండా. చేతులు రావడంలా."

నడికుప్పం గట్టు వచ్చింది. చిన్నపోలయ్య గడను కామాక్షయ్య చేతికి కూడా ఇవ్వకుండా పడవలో పడేసి దిగిపోయాడు. మస్తానమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తుకుని మెల్లగా దిగింది. రెండడుగులు వేసి ఆగింది.

"అక్కా, నువ్వు మాత్రం నీళ్ళలోకి పోవాకు" అంది. తన సీసా పట్టుకుని గుడిసెల వైపు నడిచిపోయింది.

మళ్ళీ నాగులమ్మకు తగ్గింది. కప్ప పోయింది. అన్నం సయించింది. గట్టున కూర్చుని వలలు కుట్టింది. పేరమ్మ ఊరంతా తిరిగి మరదలు బాగైందని చెప్పుకుంది. తరవాతి నెల గూడూరుకు రెండు ఊళ్ళవాళ్ళూ వేరువేరు పడవల్లో పోయారు. ఆసుపత్రి దగ్గర మస్తానమ్మ వరండా దాకా రాలేదు. ఎండలో బస్తాల పక్కన నిలబడి, నర్సు ఇచ్చిన మాత్రను అక్కడే మింగింది. డాక్టరు లోపలినుంచి ఆమెను చూశాడు, కామాక్షయ్యను చూశాడు. ఏమీ అడగకుండా రాసుకున్నాడు.

వానలు మొదలయ్యాక మొగకు కొత్త వంతులు వేసే రోజు వచ్చింది. జనం పోలేరమ్మ రాయి ముందు చేరారు. కామాక్షయ్య ముంత తెచ్చి, దీపం పెట్టి, గుర్తులన్నీ వేశాడు. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టాడు. వేళ్ళకు ముందుగా సీసపు గుండు తగిలింది. అది అతని ఇంటి గుర్తే. గవ్వ కాదు, టెంక కాదు, నున్నగా చల్లగా అదే. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు తగిలి ఉంటుంది. చేతికి తెలిసినా మనసు పట్టించుకునేది కాదు. ఈసారి చెయ్యి అక్కడే ఆగిపోయింది. తీస్తే తానే ముందు. వదిలేస్తే తనకు తెలిసే వదిలినట్టు. ఎటు చేసినా అది ముంత చెప్పినట్టు కాదు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముంతను పోలేరయ్య ముందు పెట్టాడు.

"మామా, ఇంక ఇది నీ దగ్గర ఉండనీ."

"ఏందబ్బయా ఇది? ఎవురన్నా మాటన్నారా?"

"లేదు."

"తప్పు జేసినావా?"

"తప్పో కాదో తెలీడం లేదు మామా. తెలిసేదాకా నా చెయ్యి ఇందులో పెట్టలేను."

"ఎప్పుడు తెలుస్తాదంటా?"

మద్రాసులో ఎక్కడో ఒక బీరువాలో సీలు వేసిన కాగితం ఉంది. అది విప్పితే నాగులమ్మ సీసాలో ఉన్నది మందో పిండో తెలుస్తుంది. మందే అయితే మస్తానమ్మకు రావలసిన సగం తాను ఆపినట్టు. పిండే అయితే గుప్పెడు పిండి కోసం ముంత మాట తప్పినట్టు. ఈ రెండిట్లో ఏది నయమో కామాక్షయ్యకు తేలలేదు. దేవతను అడుగుదామంటే ఏమని అడగాలో తెలియలేదు.

"తెలీదు మామా" అన్నాడు.

గొణుగుతూనే పోలేరయ్య ముంతలో చెయ్యి పెట్టాడు. మొదట గవ్వ వచ్చింది. సీసపు గుండు మధ్యలో ఎక్కడో వచ్చింది.

తన వంతు నాటి పొద్దున కామాక్షయ్య తెరచాప ఎత్తాడు. సన్నగా జల్లు పడుతున్నది. కొంత దూరం పోయాక అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాడు. నాగులమ్మ నీళ్ళలోకి రాలేదు. వానలోనే గట్టున నిలబడి ఉంది. ఒక చెయ్యి కొంగులోని సీసా ముడి మీద ఉంది.

ఆమె చూస్తున్నది అతని పడవను కాదు. నడికుప్పం వైపు చూస్తున్నది.